కాక్టస్‌కు బహువచనం

పెళ్లిచూపుల మధ్యలో ఆగయ్య పెళ్లికొడుకు ఇచ్చిన విజిటింగ్ కార్డు చేతిలోకి తీసుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. పెళ్లికూతురు షారోన్ కళ్లు మూసుకుంది. ప్రభుత్వ ఫ్యాక్టరీలో స్టెనోగా రిటైరైన తండ్రి కళ్లజోడు సర్దుకున్నాడంటే ఎవరి ఇంగ్లిషుకో మూడినట్టే.

“కాక్టసెస్ అని కొట్టించినవేంది బాబూ? అది లాటిన్ మాట. ఒక్కటైతే కాక్టస్, మస్తుగుంటే కాక్టై.”

“రెండూ నడుస్తయి అంకుల్,” అన్నాడు ప్రేమ్‌రాజ్. లాడ్ బజార్ దగ్గర ముళ్లమొక్కల దుకాణం అతనిది. “కాక్టై అంటే గిరాకీలు మెడకు కట్టుకునే టై అనుకుంటున్నరు.”

షారోన్ నవ్వాపుకుంది. ఆమెకు అబ్బాయి ఆ క్షణమే నచ్చాడు. తండ్రికి ఆ క్షణమే నచ్చకుండా పోయాడు.

“ముందుగాల కార్డు మార్చు. తర్వాత మాట్లాడుదం.”

అంతలో ఫోన్ మోగింది. పెద్దమ్మ రూతమ్మ! చర్చిలో తాగుడు మాన్పించే సంఘానికి ఆవిడే పెద్ద. ఆవిడ సరే అనకుండా ఈ ఇంట్లో పెళ్లి జరగదు. ఆగయ్య స్పీకర్ ఆన్ చేశాడు.

“పిలగాడు ఏం పని జేస్తడు ఆగయ్యా?”

ఆగయ్య ప్రేమ్‌రాజ్ వైపే చూస్తూ ఒత్తి పలికాడు. “కాక్టైలు అమ్ముతడు వదినా.”

బహువచనానికి మళ్లీ ‘లు’ తగిలించావని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

“ఏందీ? కాక్‌టెయిల్లా?”

“అవ్, కాక్టైలే! చిన్న చిన్న గాజు గ్లాసులల్ల పెట్టి అమ్ముతడు. ఆడోళ్లు ఎగబడి కొంటున్నరంట!”

“యేసయ్యా! మందు బేరం చేసేటోనికి పిల్లనిస్తవా? సంబంధం కాన్సిల్! ఫోన్ పెడుతున్న.”

మిర్చీల పళ్లెంతో వస్తున్న తల్లి కళావతి గుమ్మంలోనే ఆగిపోయింది. షారోన్ ఇక సిగ్గుపడుతూ కూర్చోలేదు.

“బాపూ, కాక్టసులని చెప్పు. జల్ది!”

“కాక్టైయే కరెక్టు బిడ్డా.”

“ఆ కరెక్టు కోసం నన్ను ఇంట్లనే కూసోబెట్టుకుంటవా?”

ఆగయ్య కూతురి మొహం చూశాడు. గుటక వేశాడు. లాటిన్ మొత్తం ఆ గుటకతోనే దిగిపోయింది.

“వదినా, ఆగు! కాక్టసులు! కాక్టసులమ్ముతడు! ముండ్ల చెట్లు!”

ఫోన్‌లో రూతమ్మ గొంతు మళ్లీ లేచింది.

“ముండ్ల చెట్లా? ఆ ముక్క తెలుగుల చెప్పనీకి నీకేం రోగం? ఆదివారం చర్చికి తోల్కరా, చూస్త.”

ఫోన్ పెట్టేసి ఆగయ్య గొణిగాడు. “అయినా నాదే కరెక్టు.”

“మీదే కరెక్టు మామా,” అన్నాడు ప్రేమ్‌రాజ్.

అంకుల్ ఎప్పుడు మామ అయ్యాడో ఆగయ్యకు తట్టలేదు. షారోన్‌కు తట్టింది. తల్లి చేతిలోని పళ్లెంలోంచి అన్నిటికన్నా పెద్ద మిర్చీ ఏరి అతని చేతికిచ్చింది.