బుధవారం స్పెషల్ బస్సులు

ఆదివారం మా చేతిలోంచి జారిపోయింది. ఊరికే జారలేదు, లీగ్ ఆఫీసు ముద్రతో, సంతకంతో, దర్జాగా జారింది. పై డివిజన్ మ్యాచ్‌లు టీవీలో వస్తాయి కాబట్టి ఆదివారాలన్నీ వాళ్ళకట. కింది డివిజన్ వాళ్ళు బుధవారం సాయంత్రం అయిదింటికి ఆడుకోవలసిందిగా కోరడమైనదట.

"బుధవారం పెట్టినవాడికి బుద్ధుందా?" అని మా డిపో అంతా ఒక్క గొంతుతో అడిగింది.

"బుధుడికీ బుద్ధికీ చుట్టరికం ఉంది గానీ రాకపోకలు లేవు" అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. కాగితంలో రెండో పేరా చదివాక నేనూ నవ్వడం మానేశాను.

మాది సిటీ బస్సు డిపో వాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బు. గ్రౌండు మా క్వార్టర్స్ గోడకి ఆనుకునే ఉంది. బట్టలారేసిన తీగ మీదికి బంతి వచ్చి పడితే కార్నర్ కిక్ అని మా ఆడవాళ్ళకి తెలుసు. రెండో పేరా సారాంశం ఏమిటంటే, ఈ సీజన్లో మా గ్రౌండులో మిగిలినవి మూడు మ్యాచ్‌లు. వాటిలో రెండుసార్లు జనం రెండు వందలకు తగ్గితే ఈ గ్రౌండు మాది కాదు. వచ్చే ఏడాది నుంచి ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల అవతల, సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ గ్రౌండులో ఆడుకోవాలి.

ఆ మాట వినగానే అందరూ చూసింది హారన్ బాబాయ్ వైపు. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ, తన ఆఖరి బస్సు తుక్కుకి పోతున్నప్పుడు ఊడబెరికి తెచ్చుకున్న రబ్బరు బుడ్డి హారన్ మాత్రం కొత్త పెళ్ళికొడుకులా ఉంది. గోల్ పోస్టు వెనక బెంచీ మీద కూచుని అది నొక్కితే అవతలి గోల్‌కీపరు పక్కకి తప్పుకుని దారిస్తాడు.

"పద్దెనిమిది కిలోమీటర్లా?" అన్నాడు బాబాయ్. "వంటింట్లోకి పోవాలంటేనే మధ్యలో ఓ స్టాపు పెట్టుకుంటున్నాను రా."

మా డిపో మేనేజరు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను డిపోలో టైమ్ టేబుల్ గుమాస్తాని. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, ఎవరు ఎక్కాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, అంతా నా పెన్సిలు కొసలోంచి రావలసిందే.

"నూట పది బస్సుల్ని వేళకి నడుపుతావు. రెండొందల మందిని గ్రౌండుకి నడపలేవా?"

"నడుపుతాను సార్" అన్నాను. నోరు జారితే కాలు జారినట్టు కాదు, కట్టు కట్టడానికి ఉండదు.

మొదటి బుధవారం వచ్చినవాళ్ళు రెండు వందల పద్నాలుగు మంది. లీగ్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి గేటు దగ్గర ముక్కాలి పీట వేసుకుని, చేతిలో బుల్లి మీట నొక్కుతూ తలలు లెక్కపెడతాడు. ఆయన పేరేదైనా మాకు ఆయన టిక్కుటిక్కు గారు. హాఫ్ టైమ్ అవగానే టిక్కు ఆపి, అంకె రాసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోతాడు. ఆదివారాల్లో నాలుగు వందల యాభై దాకా టిక్కులు పడిన గేటు అది. ఇప్పుడు గండం గట్టెక్కింది గానీ గట్టు మరీ సన్నంగా ఉంది.

"ఫ్యాన్లు లేక స్టాండులో ఉక్కపోస్తోంది బావా" అన్నాడు మా గోల్‌కీపరు. వాడు మా ఆవిడ తమ్ముడు. వాడికి నా జోకులు అంటుకున్నాయి, పాపం.

నేను ఆలోచించాను. పనిరోజు కదా. జనం ఎక్కడెక్కడో ఉంటారు. అయిదింటికి అందుకోలేరు. అందుకోలేనివాళ్ళకి అందించేదేమిటి? బస్సు! మన దగ్గర లేనిదేమిటి? బస్సు తప్ప అన్నీ! అంతే, ఊరి మూడు మూలల నుంచి గ్రౌండుకి మూడు స్పెషల్ బస్సులు వేసేశాను. రోజువారీ సర్వీసుల వాళ్ళని కదపకూడదు కాబట్టి నోటీసు బోర్డులో ఇలా రాశాను: "క్లబ్బు మీద ప్రాణం పెట్టేవాళ్ళు స్పెషల్ డ్యూటీకి పేర్లివ్వండి." గంటలో కాగితం నిండింది. నా కళ్ళు కూడా నిండాయి.

రెండో బుధవారం వచ్చినవాళ్ళు నూట డెబ్భై ఆరు.

నేను టిక్కుటిక్కు గారి మీట అడిగి తీసుకుని, చెవి దగ్గర పెట్టి ఊపి చూశాను. బాగానే ఉంది. బాగా లేనిది నా బుర్ర. బస్సులు లేనప్పుడు రెండు వందల పద్నాలుగు. బస్సులు వేస్తే ముప్ఫై ఎనిమిది మంది తగ్గారు. బస్సెక్కి వస్తారనుకుంటే బస్సెక్కి ఎటు పోయారు?

మర్నాడు కనబడినవాడినల్లా అడిగాను. టీ కొట్టాయన వాన వస్తుందని భయమన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. స్టోర్ కీపరు జట్టు బాగా ఆడటం లేదన్నాడు. ఆ రోజు మేం నెగ్గాం. మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు.

"ఎన్ని వేశావు?"

"మూడు సార్."

"అదీ సంగతి! మూడు ఏ మూలకి సరిపోతాయయ్యా? ఎనిమిది వెయ్యి."

మందు వికటిస్తే మోతాదు పెంచే డాక్టరు మా మేనేజరు. నేనేం తక్కువ తిన్నానా? ఆ మోతాదుని పొట్లం కట్టాను. మళ్ళీ నోటీసు, మళ్ళీ గంటలో నిండిన కాగితం. మెకానిక్కులు పదిమంది వచ్చి, ఎనిమిది బస్సులూ తోమి, రంగు కాగితాలు అతికించి, దారిలో ఆగిపోకుండా సాయంత్రం దాకా డిపోలోనే కాచుకుని ఉంటామన్నారు. ఇంతటి అభిమానం ఉన్న ఊళ్ళో స్టాండెందుకు ఖాళీగా ఉందో దేవుడికే తెలియాలి.

"ఏవండీ, పక్కింటి వదిన ఈసారీ మ్యాచ్‌కి రాదట" అంది మా ఆవిడ ఆ రాత్రి అన్నం పెడుతూ.

"పదిలో ఒకరు పోతే పోయేదేముంది."

"ఎదురింటి వాళ్ళూ రారట. పై వాటా వాళ్ళు నలుగురూ రారట."

"నన్ను లెక్క వేసుకోనీ. ఎనిమిది బస్సులు, బస్సుకి యాభై మంది, ఎనిమిది అయిదులు..."

"వేసుకోండి. మీ లెక్కలు చూసి గోడ గడియారమే దిక్కుతోచక ఆగిపోయింది, పొద్దుటి నుంచీ తొమ్మిదీ పదే చూపిస్తోంది."

మూడో బుధవారం మధ్యాహ్నం నేను కుర్చీలో కూచోలేకపోయాను. ఈసారి తగ్గితే గ్రౌండు పోయినట్టే. జనం ఏ మలుపులో మాయమవుతున్నారో కళ్ళారా చూద్దామని ఊరి చివర నుంచి మూడున్నరకి బయల్దేరే ఒకటో నంబరు స్పెషల్ ఎక్కాను. బస్సు పెళ్ళి బస్సులా ఉంది. పెళ్ళివారే లేరు. పది స్టాపులు దాటాక ఒక పెద్దావిడ ఎక్కింది.

"ఇది పళ్ళాస్పత్రికి పోతుందా నాయనా?"

"గ్రౌండుకి పోతుందమ్మా. ఫుట్‌బాల్ మ్యాచ్!" అన్నాడు కండక్టరు ఉత్సాహంగా.

"అక్కడ పన్ను పీకుతారా?"

"పోయినసారి మా సెంటర్ ఫార్వర్డ్‌కి రెండు ఊడగొట్టారమ్మా."

ఆవిడ తరవాతి స్టాపులో దిగిపోయింది. బస్సులో నేనొక్కణ్ణే మిగిలాను. కండక్టరు వచ్చి నా పక్క సీట్లో కూలబడి నిట్టూర్చాడు. అప్పుడు చూశాను వాడి మొహం. వాడు జెండా! స్టాండులో పై మెట్టు మీద నిలబడి తొంభై నిమిషాలూ దుప్పటంత జెండా తిప్పేవాడు. అద్దంలోంచి నన్ను చూసి నవ్విన డ్రైవరు ఎవరనుకున్నారు? ఢంకా! అరచేతులు వాచేదాకా డోలు కొట్టేవాడు.

"ఒరేయ్, మీరిద్దరూ ఇక్కడేం చేస్తున్నార్రా?"

"స్పెషల్ డ్యూటీ అన్నా. మీరే కదా వేశారు" అన్నాడు జెండా.

"మరి మ్యాచ్?"

"మ్యాచ్‌కి మేమెలా వస్తాం? మేం నడిపితేనే కదా జనం వచ్చేది."

"పోయినసారి?"

"పోయినసారీ మేమే. గ్రౌండు దగ్గర దింపేసి బస్సు డిపోలో పెట్టి, దాని దగ్గరే కాచుకుని, మళ్ళీ ఏడింటికి తీసుకురావాలి. రోడ్డు మీద బస్సు ఊరికే నిలబడకూడదని, బస్సు వదిలి మేం కదలకూడదని మీరేగా రాశారు." వాడు టిక్కెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "మనసులో మాట చెప్పనా అన్నా? గేటు దాకా వచ్చి లోపలికి పోకుండా బస్సు తిప్పుకుంటుంటే ఏడుపొచ్చింది. పోనీలే, మనం త్యాగం చేస్తే వేరేవాళ్ళు చూస్తారుగా అనుకున్నా."

"వేరేవాళ్ళంటే ఎవర్రా?"

వాడు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను నలభై ఎనిమిది ఖాళీ సీట్ల వైపు చూశాను. వేరేవాళ్ళు ఏ సీట్లోనూ లేరు.

"మీ ఆవిడా పిల్లలూ?" అన్నాను నెమ్మదిగా.

"నేను లేకుండా వాళ్ళెందుకొస్తారన్నా? నేను జెండా తిప్పుతుంటే చూడ్డానికే కదా వచ్చేది."

పై వాటా వాళ్ళు నలుగురు. ఎదురిల్లు. పక్కింటి వదిన. నా బుర్రలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది, తెరిచిన ప్రతి గదీ మరింత చీకటిగా ఉంది. మా క్లబ్బు అభిమానులంటే మా డిపో వాళ్ళే. వాళ్ళుండేది గ్రౌండు గోడ పక్కనే. వాళ్ళకి బస్సే అక్కర్లేదు! ఆదివారం సగం బస్సులు తిరగవు కాబట్టి సగం డిపో స్టాండులో ఉండేది. బుధవారం ఎలాగూ తగ్గుతారు. ఆ మిగిలినవాళ్ళలోంచి క్లబ్బు మీద ప్రాణం పెట్టేవాళ్ళని ఏరి ఏరి, నోటీసు పెట్టి మరీ పిలిచి, మా క్లబ్బు పేరైనా వినని పేటలకి పంపించాను. ఢంకా, జెండా రెండూ బస్సులో ఉంటే ఇక స్టాండులో ఏముంటుంది? బెండు!

నాలుగుంబావు. మేనేజరుకి ఫోన్ చేశాను.

"సార్, ఎనిమిది స్పెషల్సూ రద్దు చేయండి. ఉన్నపళంగా డిపోకి తిప్పేయండి."

"ఏమైంది? యాక్సిడెంటా?"

"లేదు సార్. జనం రావాలంటే బస్సులు తీసెయ్యాలి."

"జనం రావాలంటే బస్సులు వెయ్యాలన్నావు."

"అన్నాను సార్."

"ఇప్పుడు తీసెయ్యాలంటున్నావు."

"అంటున్నాను సార్."

"తాగావా?"

"లేదు సార్, ఖాళీ బస్సెక్కాను. నా కళ్ళు తెరుచుకున్నాయి."

"నాకైతే తిరుగుతున్నాయి" అన్నాడాయన. కానీ కంట్రోల్ రూమ్‌కి మాట వెళ్ళింది. బస్సులు తిప్పడం మా డిపోకి ఉగ్గుపాలతో అబ్బిన విద్య. అయిదుకి పది నిమిషాలుండగా ఎనిమిదో బస్సు కూడా లోపలికి వచ్చి పడింది. పదహారు మంది సిబ్బంది, పదిమంది మెకానిక్కులు క్వార్టర్స్ వైపు పరుగెత్తారు. పొయ్యిలు ఆరిపోయాయి, తలుపులు మూసుకున్నాయి, చెప్పులు ఎవరివి ఎవరి కాళ్ళకో ఎక్కాయి. పక్కింటి వదిన జడ సగం అల్లుకుని, తక్కినది దారిలో అల్లుకుంటూ వచ్చింది.

నేను టిక్కుటిక్కు గారి వెనక నిలబడి మీట మీద అంకెలు చూశాను. అయిదింటికి నూట ముప్ఫై. అయిదుంబావుకి నూట అరవై రెండు. జెండా ఇంటి నుంచి నలుగురు, ఢంకా ఇంటి నుంచి అయిదుగురు, మెకానిక్కుల తాలూకు ఒక దండు. నూట తొంభై ఎనిమిది దగ్గర గేటు ఖాళీ అయింది. వెనక ఎవరూ లేరు. హాఫ్ టైమ్‌కి ఏడు నిమిషాలుంది.

అప్పుడు వీధి మలుపులో మా మేనేజరు కనిపించాడు, వెంట ఆఫీసు వాళ్ళందరూ. "బస్సుల్లేని డిపోలో మాకేం పనయ్యా?" అంటూ లోపలికి నడిచాడు. ఏమీ అర్థం కాని మొహంతో ఇంత మంచి పని చేసిన మనిషిని నేను చూడలేదు. హాఫ్ టైమ్ విజిల్ పడింది. టిక్కుటిక్కు గారు అంకె రాసుకున్నారు: రెండు వందల పదిహేడు.

రెండో సగం మొదలవగానే గోల్ పోస్టు వెనక నుంచి హారన్ మోగింది. డోలు అందుకుంది. జెండా లేచింది. పోయిన మ్యాచ్ నుంచి నిశ్శబ్దానికి అలవాటుపడిన మా బావమరిది ఆ హోరుకి బెదిరి వెనక్కి తిరిగి చూశాడు. అటు చూస్తుండగా ఇటు గోల్ పడింది. గోల వల్ల గోల్ పడడం అంటే ఇదే. రెండు సున్నాతో ఓడాం. ఎవరూ పట్టించుకోలేదు.

నెల తిరగకముందే లీగ్ ఆఫీసు నుంచి మళ్ళీ కాగితం వచ్చింది. గ్రౌండు మాదే. బాబాయ్ ఆ వాక్యం నా చేత మూడుసార్లు చదివించుకుని, మూడుసార్లూ హారన్ కొట్టాడు. కింద ఇంకో వాక్యం ఉంది.

"ఆఖరి మ్యాచ్‌కు వచ్చిన జనాన్ని బట్టి మీ ప్రాంతానికి బుధవారం అనుకూలమని తేలినందున, వచ్చే సీజనులో మీ మ్యాచ్‌లన్నీ బుధవారాలకే కేటాయించడమైనది."

నేను అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. బుధవారం కుదరదని చెప్పడానికి జనం రాకూడదు. జనం రాకపోతే గ్రౌండు పోతుంది. గ్రౌండు పోకుండా జనం వస్తే బుధవారం కుదిరినట్టు. ఈ సర్క్యులర్ రూటులో ఎక్కడ దిగాలో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున నా బల్ల మీద దరఖాస్తుల దొంతర ఉంది. డిపోలో నాలుగు వందల పాతిక మందీ వారపు సెలవు బుధవారానికి మార్చమని రాసిచ్చారు. నాలుగు వందల పాతిక మందికీ సెలవిస్తే బుధవారం బస్సు ఎవరు నడపాలి? నేను పెన్సిలు చెక్కుకుంటూ పైనున్న కాగితం తీశాను.

అది మేనేజరుది.