అక్క మాటలు, తమ్ముడి గొంతు

"ఒరేయ్, అక్కకి మళ్ళీ మొదలైందిరా."

ఫోన్లో అమ్మ మాట వినగానే అతను స్టూడియో మెట్ల మీదే ఆగిపోయాడు. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. చెప్పుల షాపు పైన ఒక గది, గోడలకి కోడిగుడ్ల అట్టలు, కిటికీకి పాత దుప్పటి, మధ్యలో ఒక మైకు. దాని ముందు నిలబడి షాపుల ప్రకటనలు చదవడం అతని పని. అందుకే అందరూ అతన్ని 'మైకు' అనే పిలుస్తారు. సొంత పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

"ఏమైందమ్మా?"

"మధ్యాహ్నం వీధిలోంచి నీ గొంతు వినబడిందట. అప్పట్లో తను అన్న మాటలే నువ్వు అంటున్నావట, పైగా నవ్వుతున్నావట. గోడలో మనుషులు, లెక్కపెట్టడం, అన్నీ అవే మాటలురా. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. నేనూ పని నుంచి బయల్దేరుతున్నాను, త్వరగా రా."

అక్కకి ఏమీ మొదలుకాలేదని తెలిసినవాడు ఈ భూమ్మీద అతనొక్కడే.

కిందటి వారం పరుపుల షాపు ఓనర్ స్టూడియోకి వచ్చాడు. వస్తూనే కుర్చీ లాక్కుని, "ఏమయ్యా మైకూ, భారీ తగ్గింపు అంటే ఇప్పుడెవడూ తలెత్తి కూడా చూడటం లేదు. ఈసారి కొత్తగా కొడదాం. ఓనర్‌కి పిచ్చెక్కింది, పరుపులు పంచేస్తున్నాడు! ఎలా ఉంది? వీధుల్లో తిప్పే వ్యాన్ మీదకి బొమ్మ కూడా రెడీ. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నవాడు జుట్టు పీక్కుంటూ పరుపు మీద గెంతుతుంటాడు" అన్నాడు.

చేతులు కట్టేసి ఉంటే జుట్టెలా పీక్కుంటాడని మైకు అడగలేదు. పని ఇచ్చేవాణ్ణి అలాంటివి అడిగితే పని ఇంకొకడికి పోతుంది.

చదివాడు. ఓనర్‌కి నచ్చలేదు. గొంతు పెంచి చదివాడు, వణికించి చదివాడు. ఓనర్ మొహం చిట్లించాడు.

"ఇది పిచ్చా? జలుబు చేసినవాడిలా ఉన్నావు. అసలైన పిచ్చోళ్ళు మాట్లాడినట్టు ఉండాలయ్యా. ఎప్పుడూ వినలేదా?"

విన్నాడు. కొన్నేళ్ళ కిందట అక్క వంటగది గోడకి చెవి ఆనించి గొణుగుతుంటే, పక్కనే నేల మీద కూర్చుని పూటలకి పూటలు విన్నాడు. ఆ మాటలే ఇప్పుడు నోటికి వచ్చేశాయి. "గోడలో మనుషులున్నారు... నన్ను లెక్కపెడుతున్నారు... ఒకటి, ఒకటి, ఒకటి..." ఆ తర్వాత సన్నగా, ఊపిరి మింగుతున్నట్టు ఒక నవ్వు.

ఓనర్ తొడ చరిచాడు. "అదీ! ఇప్పుడు దానికి, 'గోడలో వాళ్ళక్కూడా మన పరుపే కావాలట' అని తగిలించు."

తగిలించాడు. విని, తన పనితనానికి తనే మురిసిపోయాడు కూడా. అది చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది.

ఇంటికి వెళ్ళేసరికి ముందుగదిలో అక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. చక్రం మీద చెయ్యి ఉంది గానీ తిప్పడం లేదు. ఎదురుగా బడిపిల్లల యూనిఫాం చొక్కా ఒకటి, కాలరు సగం కుట్టి ఉంది. యూనిఫాంలు కుట్టించే టైలరమ్మ అక్క అంతకుముందు కుట్టిన చొక్కాలు చూసి సోమవారం నుంచి తన షాపులోకి రమ్మంది. ఇన్నాళ్ళూ ఇంట్లో గోడలతో కలిసి కుట్టిన మనిషి నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని కుట్టబోతోంది. అక్కకి అది ఉద్యోగం కాదు, లోకంలోకి మళ్ళీ దొరికిన దారి.

"సూటిగా చెప్పరా. మధ్యాహ్నం వీధిలోకి వచ్చావా?"

"లేదక్కా. స్టూడియోలోనే ఉన్నాను."

అబద్ధం కాదు. నిజాన్ని అబద్ధంలా వాడుకోవడం ప్రకటనలవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

"ఏదో వ్యాన్ వచ్చింది. దాంట్లోంచి నువ్వే మాట్లాడావు. గొంతు మార్చావు గానీ నువ్వే. చిన్నప్పుడు దుప్పట్లో దూరి ముసలాడి గొంతు పెట్టి నన్ను నవ్వించేవాడివి చూడు, ఆ గొంతు."

అమ్మ హోటలు లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని నుంచి అప్పుడే వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. "పక్కింట్లో అడిగానే తల్లీ. వ్యాన్ వచ్చిన మాట నిజమేనట. పరుపుల ప్రకటనట, ఏం వాగాడో ఎవరు వింటారన్నారు. మరి దాంట్లో నీ మాటలు ఎలా ఉంటాయే? అవి ఈ నాలుగు గోడలు దాటి ఎప్పుడు బయటికి పోయాయి?"

"అదే నేనూ అడుగుతున్నాను." అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. "నువ్వు చెప్పు."

మైకు ఫ్యాను వైపు చూశాడు. "అలసిపోయి ఉంటావక్కా. కాస్త పడుకో."

మర్నాడు, అక్కకి మొదటి నుంచీ మందులిస్తున్న డాక్టరమ్మ దగ్గర కూడా మాట్లాడింది అమ్మే. మాటలు అవేనా అని డాక్టరమ్మ అడిగింది, అవేనండీ అని అమ్మ కళ్ళు తుడుచుకుంది. మందు మోతాదు పెరిగింది. ఆ రాత్రి మాత్ర చేతిలో పెట్టుకుని అక్క కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంటే, నీళ్ళ గ్లాసు అందించింది మైకే.

తెల్లారినప్పటి నుంచి అతనికి కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే నడవాలనిపించింది. నడిచి నడిచి పరుపుల షాపు ముందు తేలాడు. అక్కడ కొంతమంది అట్టముక్కలు పట్టుకుని నిలబడి ఉన్నారు. 'మా జబ్బు మీ జోకు కాదు' అని రాసి ఉంది. ఇళ్ళల్లో ఇలాంటి మనుషులున్నవాళ్ళు, కొందరు ఆ మనుషులే. ఓనర్ మాత్రం పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. కెమెరావాళ్ళు వచ్చారు మరి.

"మాట్లాడే హక్కు నాకు లేదా అండీ? షాపు నాది, వ్యాన్ నాది, నోరు నాది. నచ్చనివాళ్ళు చెవులు మూసుకోవాలి గానీ నా నోరు మూస్తే ఎలా? రేపు నవ్వడానిక్కూడా పర్మిషన్ తీసుకోవాలా?"

అట్టముక్కల వెనక నుంచి ఒకావిడ అంది. "మాట్లాడండి సార్, ఎవరొద్దన్నారు? మీరు అరిస్తే హక్కంటారు. అదే మేం నోరు తెరిస్తే, ముందు మందు వేసుకున్నావా అని అడుగుతారు."

కెమెరా ఆవిడ వైపు తిరగలేదు. మైకుకి మాత్రం ఆ మాట ఎముకలో దిగింది.

ఓనర్‌ని పక్కకి పిలిచాడు. "సార్, ఆ గోడ ముక్క తీసేసి మళ్ళీ రికార్డు చేద్దాం. ఊరికే చేసిస్తాను."

"నీకు గానీ పిచ్చి పట్టిందా ఏంటి? జనం నోళ్ళలో నానుతున్నదే ఆ ముక్క!"

"పోనీ మా వీధికి వ్యాన్ పంపకండి."

"ఏం? మీ వీధిలో ఎవరున్నారు?"

'మా అక్క ఉంది' అన్న మాట పళ్ళ దాకా వచ్చింది. పొద్దున లేస్తే నోటి మీద బతికేవాడికి ఆ మూడు మాటలు పెదవి దాటలేదు.

"ఎవరూ లేరు సార్."

"మరింకేం! ఆదివారం ఫోన్ చేస్తాను, ఇంకోటి కొడదాం. 'మా నోరు మూయలేరు, మా ధరలు పెంచలేరు!' అదిరిందా?" అంటూ ఓనర్ మళ్ళీ కెమెరా దగ్గరికి పరిగెత్తాడు.

ఆదివారం అమ్మకి సెలవు. అక్క పొద్దుటి నుంచీ ఆ కాలరుతోనే కుస్తీ పడుతోంది. మందు మత్తుకి కళ్ళు వాలిపోతున్నాయి, కుట్టు పక్కకి పోతోంది. విప్పడం, కుట్టడం, మళ్ళీ విప్పడం. విప్పిన దారాలు ఒళ్ళంతా అంటుకున్నాయి. గుమ్మంలో కూర్చున్న మైకు ఆ చప్పుడు వినలేక లేచాడు, వెళ్ళలేక కూర్చున్నాడు.

చూసి చూసి అమ్మ ఫోన్ తీసింది. "టైలరమ్మకి చెప్పేస్తాను, రేపు రాదని. అక్కడ పదిమందిలో ఏదైనా అయితే ఇంక జన్మలో ఎవరూ పిలవరు."

అక్క దెబ్బలాడుతుందనుకున్నాడు మైకు. దెబ్బలాడితే తట్టుకునేవాడేమో.

"చెప్పెయ్యమ్మా" అంది అక్క, గుడ్డ మీంచి తలెత్తకుండా. "నా చెవుల్ని నేనే నమ్మలేకపోతున్నాను. ఇంకొకళ్ళు నమ్మి పని ఎలా ఇస్తారు?"

"అమ్మా, ఫోన్ పెట్టెయ్. వ్యాన్లో గొంతు నాదే. మాటలు అక్కవే. ప్రకటనలో నేనే వాడాను."

అమ్మ నమ్మలేదు. "చాల్లేరా! అక్కని వెనకేసుకొచ్చి అబద్ధాలాడకు. రోగాన్ని దాస్తే తగ్గుతుందా?"

కుట్టుమిషను ఆగింది. అక్క నెమ్మదిగా ఇటు తిరిగింది. "మొదటి రోజే తెలుసా నీకు?"

"తెలుసు."

"మాత్ర మింగమని నీళ్ళు ఇచ్చావే. అప్పుడు కూడా తెలుసా?"

అతను తల దించుకున్నాడు. అక్క ఏడవలేదు, అరవలేదు. ఒంటి మీద దారాలు దులుపుకుని లేచింది.

"వ్యాన్ ఇవాళ కూడా వస్తుందిగా. రండి ఇద్దరూ."

ఎండలో గేటు ముందు ముగ్గురూ నిలబడ్డారు. వీధి మలుపులో ముందు నవ్వు వినబడింది, తర్వాత వ్యాన్ కనబడింది. అక్క రోడ్డు మధ్యకి నడిచింది. డ్రైవర్ హారన్ కొట్టి, తల బయటపెట్టాడు.

"అమ్మా, జరగండి. చచ్చిపోతే నా మెడకి చుట్టుకుంటుంది."

"మొదటి నుంచి ఇంకోసారి వెయ్యి బాబూ."

"పరుపు కావాలంటే షాపుకెళ్ళాలమ్మా, రోడ్డు మీద కాదు."

"వెయ్యి."

ఆ గొంతులో ఏముందో గానీ డ్రైవర్ వేశాడు. 'ఓనర్‌కి పిచ్చెక్కిందహో!' అని స్పీకర్ అరిచింది. కిటికీలు తెరుచుకున్నాయి, పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. గోడ మాటలు రాగానే అమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. మాటలు పోల్చుకుంది, గొంతు మాత్రం పోల్చుకోలేదు. అయోమయంగా కొడుకు వైపు చూసింది.

"నువ్వు చెప్పు" అంది అక్క. "దాంతోపాటు చెప్పు. అందరూ విననీ."

రికార్డింగు మళ్ళీ మొదలైంది. అట్టల గదిలో ఎవరూ చూడకుండా చేసిన పని ఇప్పుడు నడివీధిలో, తెలిసినవాళ్ళ కళ్ళ ముందు చేయాలి. మైకు నోరు తెరిచాడు. "గోడలో మనుషులున్నారు..." స్పీకరూ అతనూ ఒక్కటిగా అన్నారు. "నన్ను లెక్కపెడుతున్నారు... ఒకటి, ఒకటి..." సాగదీత కలిసింది, వణుకు కలిసింది. చివర ఆ నవ్వు కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. అంత సిగ్గులోనూ పనితనం మాత్రం తప్పలేదు వెధవకి.

"ఆ పిచ్చోడివి నువ్వేనా అన్నా!" డ్రైవర్ పకపకా నవ్వాడు. వీధిలో ఇంకెవరూ నవ్వకపోయేసరికి మధ్యలోనే ఆపేశాడు.

అక్క దగ్గరికొచ్చింది. "చివరి ముక్క వదిలేశావేంరా?"

"ఏ ముక్క?"

"'నన్ను లెక్కపెట్టుకోండి. తమ్ముడు చిన్నోడు, వాణ్ణి వదిలెయ్యండి.' ప్రతిసారీ చివర అదే కదా అనేదాన్ని."

ఆమె గొంతు పెంచలేదు. వీధి చివరి ఇంటికి కూడా వినబడింది. మైకు మరిచిపోలేదు ఆ ముక్కని. దాంతో పరుపులు అమ్ముడుపోవు, అంతే.

డ్రైవర్ గొంతు తగ్గించాడు. "అమ్మా, మరి... ఆపెయ్యమంటారా?"

"ఎందుకూ? మీ ఓనర్‌కి హక్కుందిగా, వేసుకోనీ. ఎవరైనా అడిగితే మాత్రం అవి ఎవరి మాటలో చెప్పు. ఈ ఇల్లు చూపించు."

అని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ గేటు పట్టుకుని నిలబడి, టైలరమ్మకి ఫోన్ కలిపింది. "మా అమ్మాయి రేపు వస్తుందని చెబుదామని... ఆఁ, బాగానే ఉందమ్మా. దాని చెవులకి ఏం కాలేదు" అంటోంది, సంబంధం లేకుండా.

ముందుగదిలో కుట్టుమిషను మొదలైంది. కాసేపు నడిచింది, ఆగింది. దారం విప్పుతున్నట్టుంది. మళ్ళీ మొదలైంది.

మైకు జేబులో ఫోన్ మోగింది. ఓనర్. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మైకూ, ఎక్కడున్నావయ్యా? రికార్డింగుకి రా" అంటోంది అవతలి గొంతు. ఇటువైపు బతుకంతా గొంతులు మార్చినవాడు ఈసారి ఏ గొంతూ పెట్టలేదు.

"సార్, మా వీధిలో మా అక్క ఉంది" అన్నాడు చివరికి.