ముర్రుపాలకు మొహం వాచిన ఉగ్గుగిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెను. వెండిదాన్ని. అరచేతిలో ఇమిడేంత ఒళ్ళు, పసిపెదవి మీద ఆనించడానికి సన్నటి ముక్కు. పేరంటాలుకి తొలికాన్పు వస్తోందని ఆమె తల్లి తన పాత పట్టీలు కరిగించి, అమలాపురంలో ఒక కంసాలి చేత నన్ను చేయించింది. ఆయన నా ముక్కు అంచును తన కింది పెదవికి ఆనించి చూసుకుంటూ, ఎక్కడా గరుకు లేకుండా నునుపు చేశాడు. అంత ముచ్చటగా పుట్టినదాన్ని కదా, మొట్టమొదట నేను మోసేది పాలే అనుకున్నాను.

అక్కడే పప్పులో కాలేశాను. ఆ ఇంట్లో కాన్పు కాగానే వచ్చే చిక్కటి పసుప్పచ్చ ముర్రుపాలు పారబోసేవారు. నెలల తరబడి రొమ్ములో నిలవున్న పాలట, పిల్లకి అరగవట. మూడు రోజుల దాకా నాలో తేనె కలిపిన నీళ్ళు, ఆముదం చుక్క, అంతే. పేరంటాలు కాన్పు అయిన వారమే దొడ్లో గేదె ఈనింది. దాని ముర్రుపాల కోసం ఇరుగుపొరుగు చెంబులు పట్టుకుని వచ్చేశారు. బెల్లం, మిరియాల పొడి వేసి జున్ను వండుకుని లొట్టలేసుకుంటూ తిన్నారు. గేదె పాలకున్న మర్యాద కన్నతల్లి పాలకు లేకపోయింది. నవ్వుదామన్నా నాకు నవ్వు రాలేదు.

పేరంటాలుకి ఆడపిల్ల పుట్టింది. రొమ్ములు సలుపుతుంటే తల్లి గోడవైపు తిరిగి, ఏడుస్తూ పాలు పిండుకునేది. పక్కనే పిల్ల నా ముక్కు అందుకుని తేనె నీళ్ళు చప్పరించేది. ఐదో రోజుకు విరేచనాలు పట్టుకున్నాయి. తొమ్మిదో రోజున పోయింది. బారసాల కాలేదు కనుక పేరు కూడా లేదు. తరవాత పుట్టిన ఇద్దరికీ అవే నీళ్ళు పట్టారు. వాళ్ళు బతికారు, దాంతో ఆచారానిదే పైచేయి అయింది. పేరంటాలు మాత్రం నన్ను బూడిదతో తోముతున్నప్పుడల్లా కాసేపు చెయ్యి ఆపేసేది.

ఆపైన ఎన్నో ఏళ్ళు బీరువాలో పడున్నాను. పేరంటాలు ముసలిదైంది. ఆమె కూతురి కూతురు హారికకు ఎనిమిదో నెలలోనే కాన్పు అయిపోయింది. కిలోన్నర పిల్ల. రొమ్ము పట్టే సత్తువ లేదు. పేరంటాలు నన్నూ, ఒక తేనె సీసానూ సంచిలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

"రెండు చుక్కలు తేనె పిల్ల నాలిక్కి రాస్తానమ్మా. గొంతు తడుస్తాది," అంది నర్సు స్టెల్లాతో.

స్టెల్లా ఆ సీసా అందుకుని పక్కన పెట్టేసింది. "వద్దు మామ్మగారూ! నెలలు నిండని పిల్ల, పేగులింకా లేతగా ఉంటాయండి. ముర్రుపాలు లోపలంతా పూత పూసినట్టు పరుచుకుంటాయి. తల్లి నుంచి మంచి క్రిములు కూడా దిగుతాయండి. అవి కాపలా కాస్తుంటే చెడ్డవి తొందరగా జొరబడలేవు. తల్లిపాలల్లో బిడ్డకి అరగని చక్కెర ఒకటుంటాది. అది ఆ క్రిములకి మేత."

"క్రిములకి కూడా తల్లే పెడతాదా!" అని బుగ్గలు నొక్కుకుంది పేరంటాలు. నాకూ వింతగానే ఉంది. ఏ క్రిమీ మిగలకూడదనే కదా అప్పట్లో నన్ను అంతలా తోమింది.

అంతలో పేరంటాలు మొహం మారిపోయింది. "మరైతే సిస్టరమ్మా... నేను పిండి పారబోసినయ్యి... నా పెద్దపిల్ల..." అంది.

స్టెల్లా బల్ల మీద ఆమె పక్కనే కూర్చుంది. "అదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరండి. అప్పుడు మీకు చెప్పినోళ్ళు కూడా లేరు కదా." పేరంటాలు తలూపింది గానీ, సమాధానపడినట్టు లేదు.

స్టెల్లా నన్ను నీళ్ళలో వేసి బాగా మరిగించింది. హారిక పళ్ళ బిగువున పిండితే నా అడుగు మాత్రం తడిసింది. అర చెంచా ఉంటుందేమో, పసుప్పచ్చగా, చిక్కగా. ఆ కాస్త బరువు కోసం నేనెంత మొహం వాచిపోయానో ఎవరికి చెప్పుకోను? "చేతులు కడుక్కుని మీరే పట్టండి మామ్మగారూ, నేను పక్కనే ఉంటాను," అంది స్టెల్లా. పేరంటాలు నన్ను పిల్ల పెదవికి ఆనించింది, ఒక్క చుక్క ఒలకలేదు. పిల్ల నాలుక కదిలింది, గుటక పడింది.

పదకొండు రోజులు అలాగే గడిచాయి. పన్నెండో రోజు పొద్దున పిల్ల నా ముక్కును నాలుకతో తోసేసి, తల్లి రొమ్ము వెతికి పట్టుకుంది. వార్డంతా నవ్వింది. ఇంటికి వెళ్ళేటప్పుడు పేరంటాలు నన్ను స్టెల్లా చేతిలో పెట్టింది. "ఇక్కడే ఉంచమ్మా. ఏ పిల్లకైనా పనికొస్తాది," అంది.

అప్పటి నుంచి ఈ వార్డులోనే ఉన్నాను. రొమ్ము పట్టడం రాగానే ప్రతి పిల్లా నన్ను తోసేసి వెళ్ళిపోతుంది. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు. మనసు చివుక్కుమంటుంది, లేదనను. అప్పుడల్లా పేరు లేని ఆ పిల్లే గుర్తొస్తుంది. ఆ మొదటి మూడు రోజులూ అది నన్నే నమ్ముకుంది, నేను ఏది పోస్తే అది తాగింది. ఆ పిల్ల కూడా ఒక్కసారి నన్ను తోసేసి ఉంటే ఎంత బావుండేది!