రెండు వందల బాణాలు

పద్దెనిమిదో పోగు చుట్టి, ఆమె దారాన్ని మేకుకు ఒక మెలిక వేసి ఆపింది. బల్లకు ఈ చివర ఒక మేకు, ఆ చివర ఒక మేకు. మధ్యలో తెల్లటి పోగులు బిగువుగా నిలిచాయి. మైనం ముద్ద తీసుకుని రుద్దబోతే ఎడమ భుజం మళ్ళీ కలుక్కుమంది. కాసేపు ఆగి, కుడిచేత్తోనే రుద్దింది.

విలువిద్య మైదానం పక్కన రేకుల గది అది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే కూర్చుని ఆడపిల్లల జట్టు విళ్ళకు నారులు చుడుతోంది. పిల్లలందరికీ ఆమె దారాలత్త. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది.

నారి చుట్టడం ఒక ఎత్తు, దాన్ని సాగదీయడం ఒక ఎత్తు. కొత్త నారి కొట్టేకొద్దీ సాగుతుంది, సాగేకొద్దీ బాణం గురి కిందికి జారుతుంది. ఇల్లలకగానే పండగ కాదు కదా! అందుకే ప్రతి నారినీ వింటికి ఎక్కించి, పదడుగుల దూరంలోని గడ్డిమోపు మీద రెండు వందల బాణాలు తనే వేసేది. ఆ పని మరొకరికి ఇచ్చేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె కూడా జట్టు మనిషే, కాకపోతే నాలుగో అమ్మాయి. పోటీలో బాణం వేసేది ముగ్గురే. ఆ ముగ్గురిలో ఎవరైనా జ్వరపడితే నాలుగో మనిషి. రెండు దేశాలు తిరిగినా ఒక్కరికీ ఒళ్ళు వెచ్చబడలేదు. ఆటలో అరటిపండులా వెళ్ళి, అరటిపండులాగే తిరిగొచ్చింది.

పది రోజుల కిందట పిల్లలు విమానమెక్కే ముందు అన్ని నారులూ సిద్ధమయ్యాయి, ఒక్కటి తప్ప. అది పిచ్చుక అని పిలిచే మూడో అమ్మాయి మారు నారి. పదకొండు బాణాలు వేసేసరికి దారాలత్త ఎడమ చెయ్యి ఇక పైకి లేవలేదు. డాక్టరుకు చూపిస్తే ఇంట్లో కూర్చోమంటాడని భయం.

"అన్నీ సాగదీశావా అత్తా?" అని పిచ్చుక అడిగితే, "ఆఁ, ఎప్పుడో అయిపోయాయే," అనేసింది. అన్నది ఒక్క ముక్కే. అప్పటినుంచీ తిన్నది ఒంటికి పట్టడం లేదు.

ఇవాళ ఆ పిల్లల ఫైనలు. వాచ్‌మన్ గదిలో టీవీ ముందు ముక్కాలిపీట మీద కూర్చుంది. నాలుగు సెట్లు అయ్యాయి. చెరి నాలుగు పాయింట్లు. ఇక మనిషికొక బాణం, దాంతో తేలిపోతుంది. అప్పుడే పిచ్చుక తన వింటిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. నారిలో ఒక పోగు తెగి లేచింది. గబగబా దాన్ని విప్పి, సంచిలోంచి మరొకటి తీసి ఎక్కించింది. మారు నారి నడుముకు దారాలత్త గుర్తుకోసం చుట్టే నీలిదారం తెరమీద స్పష్టంగా కనిపించింది.

"అది వద్దే తల్లీ," అంది దారాలత్త.

"ఎవరితోనమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"ఎవరితోనూ కాదన్నయ్యా."

మొదటి అమ్మాయి పది. రెండో అమ్మాయి పది. పిచ్చుక బాణం పసుపు వలయం దాటి కిందికి దిగింది. ఎనిమిది. అవతలి వాళ్ళకు ఇరవై తొమ్మిది, వీళ్ళకు ఇరవై ఎనిమిది.

"వెండి వచ్చిందిగా, అదేమన్నా తక్కువా?" అన్నాడు వాచ్‌మన్. పిచ్చుక ముఖం చేతుల్లో దాచుకోవడం చూసి ఆమె, ఉన్నచోటే భూమి చీలితే బాగుండునని అనుకుంది.

తన గదికొచ్చి కొత్త దారపు ఉండ అందుకుంది. పిచ్చుక రాగానే కాళ్ళు పట్టుకునైనా సరే నిజం చెప్పెయ్యాలి. ఈలోగా దానికో నారి చుట్టాలి. చెయ్యి ఊడిపోయినా సరే, ఈసారి రెండు వందలూ వేయాలి. ఒకటి, రెండు, మూడు అంటూ చుట్టసాగింది.

రెండు గంటల తర్వాత టీ గ్లాసు పట్టుకుని వాచ్‌మన్ వచ్చేసరికి ఆమె బల్లమీద తల వాల్చి ఉంది. అలిసి పడుకుందనుకున్నాడు. గ్లాసు పెట్టి చెయ్యి తట్టాడు. చల్లగా తగిలింది. ఏంచేయాలో తోచక నిలబడిపోయాడు.

బల్లమీది ఫోను మోగింది. వాచ్‌మన్ ఎత్తాడు.

"అత్తా, నువ్వు ఏడుస్తూ ఉంటావని తెలుసు," పిచ్చుక గొంతు గుక్క తిప్పుకోకుండా వచ్చింది. "నీ చెయ్యి లేవట్లేదని నేను చూడలేదనుకున్నావా? ఆ నారి ఇక్కడికి రాగానే నేనే సాగదీశా. రెండొందలూ లెక్కపెట్టి మరీ వేశా. నారి బంగారంలా ఉంది. నా చెయ్యే వణికింది అత్తా, నీ తప్పేం లేదు. ఏమైనా మాట్లాడవే!"

వాచ్‌మన్ ఫోను చెవి దగ్గరే పట్టుకుని బల్ల వైపు చూశాడు.

రెండు మేకుల మధ్య తొమ్మిది పోగులు బిగువుగా ఉన్నాయి. పదో పోగు సగం దాకా వచ్చి, బల్ల అంచు మీదుగా కిందికి వేలాడుతోంది.