ఊ కొట్టేదాకా

“ఒక అడవిలో ఒక ఏనుగు ఉండేది” అంది పాటల డబ్బాలోని ఆడగొంతు. ముసలయ్య పంతులు బొటనవేలితో మీట నొక్కి ఆమెను ఆపాడు.

“ఊ” అన్నారు చాపల మీది పిల్లలు.

మళ్లీ నొక్కాడు. “ఆ ఏనుగుకు స్నేహితులెవరూ లేరు.” మళ్లీ ఆపాడు. పిల్లల ముందు అదే కథ అచ్చువేసిన కాగితాలున్నాయి. విన్న మాట కింద వేలు పెట్టుకుని ఊ కొట్టి, తరువాతి మాట కోసం చూస్తారు. కాస్సేపట్లో అయిపోవాల్సిన కథ ఇలా మధ్యాహ్నం బువ్వ గంట దాకా సాగుతుంది. పంతులికి అదే కావాలి.

పర్ణశాల దారిలో బస్సు దిగి, వాగు దాటి నడిస్తే వచ్చే ఊరది. బడికి ఒక గది, ఒక పంతులు. నల్లగా, పొట్టిగా, చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కతో ఉండే ముసలయ్యలో చెప్పుకోదగ్గది ఒక్క గొంతే. వాగుకు ఇవతల నిలబడి పిలిస్తే అవతల గొడ్లు కాస్తున్న పిల్లలు పలక పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ గొంతు కిందటేడు జీరబోయింది. చుట్ట మానేశాడు, మిరియాల కషాయం తాగాడు. ఎండాకాలం నాటికి చాటలో గింజలు కదిలినంత చప్పుడు మిగిలింది. అప్పుడే, భద్రాచలం బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు నడిపే రవీందర్, పిల్లల కథలు నెట్టులో ఊరికే దొరుకుతున్నాయని, చదివి వినిపించే గొంతుతో సహా దొరుకుతున్నాయని చెప్పాడు. పంతులు పాటల డబ్బా కొన్నాడు. బడిలో కరెంటు లేదు కాబట్టి దానికి రోజూ పిండిగిర్నీలో ఛార్జింగు పెడతాడు.

మొదటిరోజు డబ్బాను బల్ల మీద పెట్టి, ఏదో సాధించినవాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పట్నం ఆవిడ చక్కగా చదువుతోంది. పిల్లలు మొదటి మాటకు ఊ అన్నారు. అప్పటికే ఆవిడ రెండో మాటలో సగం దాటింది. రెండు మూడుసార్లు వెంటపడి చూసి నోళ్లు మూసుకున్నారు. వాళ్లలో రూప్లి లేచి నిలబడింది.

“సారూ, ఆమెకు మనం ఇనబడ్తలేమా? ఊ అన్నా ఆగుతలేదు.”

ఆ ఊళ్లో ఊ వినకుండా ఎవరూ రెండో మాట చెప్పరు. ఊ ఆగితే పిల్లలు నిద్రపోయారని లెక్క, కథ అక్కడే ఆగుతుంది. పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతే. కొత్త డబ్బా మోజులో అదే మరిచిపోయినందుకు ముసలయ్య సిగ్గుపడ్డాడు. ఆనాటి నుంచి అతని బొటనవేలు మీట మీదే ఉంది. పలకల మీద ఏళ్లు దిద్దించినా రాని చదువు ఆ ఆడగొంతు వెంట వేలు జరుపుతుంటే పిల్లలకు వచ్చేసింది. సంతోషమే. కొంచెం అసూయ కూడా కలిగింది.

ఏనుగు కథ అయ్యాక డబ్బాను చేతిరుమాలులో చుట్టాడు. సోమవారం అతను హైదరాబాదు పోవాలి. గొంతులో పుండు పెరిగిందనీ, స్వరపేటిక తీసేస్తే తప్ప ప్రాణం దక్కదనీ దవాఖానలో చెప్పారు. ప్రాణం సంగతి తరువాత. అతన్ని తొలిచేది ఇంకొకటి. ఎలుగుబంటి ఇప్పపూలు తిని మత్తెక్కి పులికి పిల్లనిచ్చిన కథ, వాళ్ల నాయనమ్మది, ప్రతి ఏటా పిల్లలకు చెప్పేవాడు. గొంతు పోవడంతో ఈ ఏడాది మాత్రం చెప్పలేదు. అది ఏ నెట్టులోనూ లేదు.

“మీరు పోతే డబ్బాను ఎవరు ఆపుతరు సారూ?” అంది రూప్లి, గుమ్మం దగ్గర.

“సూద్దాం” అన్నాడు. ఆ సాయంత్రమే భద్రాచలం బస్సెక్కాడు.

రవీందర్ కంప్యూటర్‌లో మాటలు పట్టే సాధనం తెరిచి, చెవులకు తగిలించుకునే మైకు ఇచ్చాడు. అదీ ఊరికే దొరికిందేనట. ముసలయ్య మొదటి మాట చెప్పి ఆగిపోయాడు. ఎంతకీ రెండో మాట రాలేదు.

“ఏమైంది సార్? నీళ్లు తాగుతరా?”

“ఎట్ల చెప్పాలె? ఊ కొట్టేటోళ్లు లేరు.” ఎదుటి కుర్చీ చూపించాడు. “నువ్వు తల ఊపు రవీ. నోరు మాత్రం తెరవకు.”

గిరాకీలు కుర్చీల కోసం నిలబడి చూస్తుండగా, రవీందర్ ఎదురుగా కూర్చుని మాటమాటకూ తల ఊపాడు. మధ్యలో దగ్గు వచ్చింది, రుమాలుకు నెత్తురంటింది. పంతులు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని పులి పెళ్లి దాకా చెప్పాడు. అయిపోయాక రవీందర్ తెర మీది గీతలు చూపించాడు.

“మధ్యల శానా ఖాళీలున్నయ్ సార్. కట్ చేస్త, నీట్‌గ వస్తది.”

ముసలయ్య గభాలున అతని చేయి పట్టుకున్నాడు.

“ముట్టకు. ఆ జాగ పిల్లలది.”

ఆ కథ ఎక్కించిన డబ్బాను బడి గూట్లో పెట్టి, సోమవారం పొద్దుటి బస్సుకు వెళ్లాడు. ఆపరేషను బాగానే అయిందన్నారు. తరువాత జ్వరం వచ్చింది. ఒక మధ్యాహ్నం, భార్య కొండమ్మ పక్కనే కూర్చుని బత్తాయి వలుస్తుండగా అతని ఊపిరి ఆగింది.

వానలు తగ్గాక బడికి కొత్తగా శ్యామల టీచరు వచ్చింది. పిల్లలు చూపిస్తే గూట్లోంచి డబ్బా తీసి, గిర్నీలో ఛార్జింగు పెట్టించి, బల్ల మీద ఉంచి నొక్కింది. గరగరమంటూ ఒక మాట వినిపించింది. అందరూ నిటారుగా కూర్చున్నారు. ఆ తరువాత ఏమీ లేదు.

“ఖరాబైనట్టుంది” అంటూ ఆమె చేయి చాపింది.

రూప్లి అంతకుముందే మీట మీద బొటనవేలు పెట్టి ఉంది. గొంతు దానంతటదే ఆగిందని తెలిసి నెమ్మదిగా వేలు తీసేసింది.

“ఊ” అన్నారు పిల్లలు.

“ఆ ఎలుగుకు ఆకలైంది” అన్నాడు ముసలయ్య, ఆగాడు.

బల్ల మీద డబ్బా, దాని మీద పంతులి వేలికి గుర్తులన్నీ అరిగిపోయిన మీట, ఇప్పుడు ఎవరూ నొక్కాల్సిన పని లేనిది.