నోళ్లు తెరిచిన ఫెజెంట్లు

ఆ వీడియో పదకొండు సెకన్లు. ఢిల్లీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోకి ఎవరో పంపారు. కింద ఒకే మాట: "మనలో పశువుల డాక్టర్లు ఎవరైనా ఉన్నారా? అర్జెంటు."

ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని ఒక రీడింగ్ రూములో కూర్చుని ప్రవల్లిక దాన్ని చూసింది. సెప్టెంబరు మొదటి వారం. మూడోసారి కూడా సివిల్స్ ప్రిలిమ్స్ పోయి, పుస్తకాలు మళ్లీ మొదటి పేజీ నుంచి తెరిచిన రోజులు. ఆమె తిరుపతిలో పశువైద్యం చదివింది. డిగ్రీ చేతికొచ్చిన నెలకే ఢిల్లీ బండెక్కింది. ఆ తర్వాత నాలుగేళ్లలో ఒక్క జంతువుకూ మందు వేసింది లేదు.

వీడియోలో కోడికన్నా సన్నగా, పొడుగాటి తోకతో ఒక పక్షి ఉంది. మెడ చాచి, నోరు బార్లా తెరిచి, ఒక క్షణం అలాగే ఉండిపోయి, తల విదిలించి మూసుకుంటోంది. మళ్లీ తెరుస్తోంది. అరవడం లేదు. ముక్కు కారడం లేదు. కళ్లు మాత్రం చురుగ్గా చుట్టూ చూస్తున్నాయి. అంత జబ్బుగా ఉన్న పక్షికి అంత తేటగా కళ్లెలా ఉన్నాయి? ఇంకోసారి చూసింది. ఇరవై సార్లు చూశాక పుస్తకం మూసి, బయటికొచ్చి, దాన్ని పంపిన నంబరుకి ఫోన్ చేసింది.

ఎత్తినాయన పేరు సదాశివరావు. తెనాలి వైపు మనిషి. సాహిబాబాద్‌లో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. వైశాలిలో ఇల్లు, ఇంటి పక్కన ఖాళీ స్థలం, అందులో పదకొండు కోళ్లు, వీడియోలో కనిపించిన ఆ పొడుగుతోక పక్షులు, ఫెజెంట్లు, పద్నాలుగు.

"పద్నాలుగు కాదమ్మా, ఇప్పుడు పదకొండే. వారంలో మూడు పోయాయి. పెట్‌షాపువాడు ఏదో పొడి ఇస్తే నీళ్లలో కలిపాం. గుణమే లేదు."

"కోళ్లు ఎట్లుండాయంకుల్?"

"వాటికేం, దివ్యంగా ఉన్నాయి. గుడ్లు కూడా పెడుతున్నాయి."

"గవర్నమెంటు డాక్టరుకి చెప్పినారా?"

"పక్కింటి చౌధరీ గారు ఇది బర్డ్ ఫ్లూ అంటున్నారమ్మా. చెబితే వచ్చి అన్నిట్నీ చంపేస్తారట. మా ఆవిడ రెండ్రోజుల్నించీ అన్నం తినట్లేదు."

"అట్ల దాచిపెడితేనే ప్రమాదం అంకుల్. వాటికీ, మీకూ. వచ్చాక మాట్లాడతాం. అంతవరకూ చచ్చినదాన్ని ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దండి. గుడ్లు ఎవరికీ ఇయ్యొద్దు. ఆ గూటిలోకి వేసుకున్న చెప్పులు ఇంట్లోకి తేవద్దు."

మర్నాడు పొద్దున్నే కరోల్‌బాగ్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కి ఆఖరి స్టేషన్లో దిగింది. సంచిలో మాస్కులు, గ్లవ్స్, టార్చి. దారి పొడవునా పాత పాఠాలు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. సగం గుర్తు రాలేదు.

సదాశివరావు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. తెల్లవారుజామున ఇంకోటి పోయిందని చెప్పాడు. అంటే నాలుగు. ఆయన వెనక భార్య లక్ష్మీకుమారి నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

ప్రవల్లిక మాస్కు, గ్లవ్స్ వేసుకుంది. గూటిలోకి వెళ్లలేదు. ఇనుపతీగల జాలీ బయట ఒక స్టూలు అడిగి వేసుకుని అరగంట ఊరికే చూస్తూ కూర్చుంది. ఫెజెంట్లది మట్టినేల, పైన కప్పు లేదు, చుట్టూ జాలీ. వానలకి నేల ఇంకా తడిగా ఉంది. పక్కనే కోళ్ల షెడ్డు, దానికి సిమెంటు నేల. ఫెజెంట్లు నాలుగు నెలల పిల్లలు, కోళ్లు రెండేళ్లవి. నోరు తెరిచినప్పుడల్లా సన్నగా చిటికె వేసినట్టు చప్పుడొస్తోంది. వీడియోలో అది వినపడలేదు.

"ఏవిటమ్మాయ్, అదేనా?" అంది లక్ష్మీకుమారి. బర్డ్ ఫ్లూ అన్న మాట ఆమె నోట రాలేదు.

"అది కాదేమో అనిపిస్తా ఉంది ఆంటీ. అదైతే కోళ్లు కూడా ఇట్ల తిరుగుతా ఉండవు. కానీ చూసి చెప్పేది కాదు అది. పరీక్ష చేయాల్సిందే."

సదాశివరావు ఇంకేమీ అనకుండా ఫోన్ చేశాడు. గంటన్నరలో ప్రభుత్వ పశువైద్యశాల నుంచి డాక్టర్ త్యాగి స్కూటరు మీద వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, మీసాలు నెరిశాయి. గోడ మీదుగా తొంగిచూస్తున్న చౌధరీని "ఆప్ అందర్ జాయియే" అని ఇంట్లోకి పంపేశాడు. బతికున్న పక్షుల గొంతుల నుంచి శాంపిళ్లు తీసి ల్యాబుకి పంపడానికి సీసాల్లో పెట్టాడు. ఫలితం వచ్చేదాకా ఇక్కడి నుంచి ఒక్క పక్షి గానీ గుడ్డు గానీ బయటికి పోకూడదన్నాడు. చచ్చినదాన్ని రెండు కవర్లలో చుట్టి తీసుకుని, ప్రవల్లిక వైపు తిరిగి హిందీలో, "పశువైద్యం చదివానన్నావుగా. వస్తావా?" అన్నాడు.

ఆస్పత్రి వెనక గదిలో, బల్ల మీద, త్యాగి పక్షి మెడను నిలువుగా కోసి గాలిగొట్టం తెరిచాడు. ప్రవల్లిక వంగి చూసింది.

లోపల ఎర్రటి దారాలు. ముక్కలు ముక్కలుగా, గోడకి అతుక్కుని పదిహేను దాకా ఉన్నాయి. త్యాగి పట్టకారుతో ఒకదాన్ని తీసి ఉప్పునీళ్ల గాజుపళ్లెంలో వేశాడు. అది కొమ్మ చీలినట్టు రెండుగా చీలి ఉంది.

"అచ్ఛా, యే దేఖో. ఇది ఒక పురుగు కాదు, రెండు. పొడుగుది ఆడది, పొట్టిది మగది. కలిశాక ఇక విడిపోవు, చచ్చేదాకా అంతే. పాతికేళ్ల సర్వీసులో రెండోసారి చూస్తున్నా."

ప్రవల్లికకు పుస్తకంలో ఆ బొమ్మ ఏ మూల ఉండేదో కూడా గుర్తొచ్చింది. అప్పుడది పరీక్ష కోసం బట్టీపట్టిన ఒక పేరు. ఇప్పుడు ఎర్రగా మెరుస్తూ నీళ్లలో ఇంకా కదులుతోంది. గాలిగొట్టంలో ఇన్ని దారాలు అడ్డుపడితే ఏ పక్షయినా నోరు తెరవక ఏం చేస్తుంది? కళ్లు తేటగా ఉండటంలో వింతేముంది, పాపం వాటికి ఆడనిది ఊపిరి మాత్రమే!

ల్యాబు మాట తేలాల్సి ఉన్నా, పురుగుల మందు ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. మేతలో ఎంత కలపాలో త్యాగి కాగితం మీద రాసిచ్చాడు. ప్రవల్లిక దంపతులను కూర్చోబెట్టి ముందే చెప్పింది.

"మందుకి లోపల పురుగులు చస్తాయి. చచ్చినవి గొంతుకి అడ్డంపడి ఒకటో రెండో పోవచ్చు. అప్పుడు మందు వల్లే పోయినాయని ఆపేయొద్దండి."

లక్ష్మీకుమారి విని, లేచి పెరట్లోకి వెళ్లింది. సదాశివరావు తల ఊపాడు. "ఇంతకీ ఆ పురుగులు వీటి గొంతులోకి ఎలా వచ్చాయమ్మా? నేనేమో మంచి మేతే తెస్తాను. నీళ్లు రోజూ మారుస్తాను."

"అదే నాకూ అర్థం కాల్యా అంకుల్. పురుగు గుడ్లు రెట్టలో పడతాయి. దగ్గితే గొంతులోకొచ్చిన గుడ్లని పక్షులు మింగేస్తాయి కదా, అట్ల. ఆ నేలలో ఏరుకుని తింటే మళ్లీ అంటుతుంది. కానీ ఒక్కోదాంట్లో ఇన్ని పురుగులా? ఇంత తొందరగానా?"

ఆ మాట అంటుండగానే లక్ష్మీకుమారి పెరటి వైపు నుంచి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ మగ్గు ఉంది. జాలీ దగ్గరికి వెళ్లగానే ఫెజెంట్లు, రొప్పుతున్నవి కూడా, పరుగెత్తుకొచ్చాయి.

"ఆంటీ, ఆగండి! మగ్గులో ఏముంది?"

"వానపాములమ్మాయ్. జబ్బుపడ్డవాటికి బలం కదా అని. ఇవంటే వాటికి ప్రాణం."

పెరట్లో ఆమె వర్మీకంపోస్టు తొట్టి ఉంది. కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, ఫెజెంట్ల గూడు ఊడ్చిన రెట్ట అందులోనే వేస్తుంది. ఎరువు మిద్దె మీది వంకాయ మొక్కలకి. పక్షిపిల్లలు వచ్చినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఒక మగ్గు వానపాములు ఫెజెంట్లకి. కోళ్లకి వేయదు, అవి సిమెంటంతా పాడుచేస్తాయని.

ప్రవల్లిక తొట్టి వైపు, గూటి వైపు, మళ్లీ తొట్టి వైపు చూసింది. రెట్టలోంచి వానపాములోకి, వానపాములోంచి పక్షిలోకి, పక్షిలోంచి రెట్టలోకి. నోట్లోంచి మాట ఊడిపడకుండా ఆపుకోబోయింది గానీ, లక్ష్మీకుమారి ఆమె చూపు వెంటే చూసింది.

"నేనేనా?" అంది. మగ్గు నేల మీద పెట్టేసింది. "నా చేత్తో నేనే తినిపించానా?"

సదాశివరావు ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు.

"అనుకోవడం కాదమ్మాయ్, ఖాయంగా తెలియాలి నాకు. చూడొచ్చా?"

మర్నాడు ఆస్పత్రికి ఆమే వచ్చింది, మూత బిగించిన డబ్బాలో పది వానపాములతో. త్యాగి మొదట నవ్వాడు గానీ కుర్చీ చూపించాడు. ప్రవల్లిక ఒక్కో వానపాము ముక్కను రెండు గాజుపలకల మధ్య నొక్కి మైక్రోస్కోపు కింద పెట్టింది. మూడింటిలో ఏమీ లేదు. నాలుగోదాంట్లో, కండ మధ్యలో, వెంట్రుకను చుట్టచుట్టి దాచినట్టు ఒకటి కనిపించింది. తర్వాత దాని పక్కనే ఇంకోటి.

"రండి ఆంటీ."

లక్ష్మీకుమారి కళ్లజోడు తీసి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని ప్రవల్లిక భయపడింది.

"ఇదా," అందామె చివరికి. "ఇందులో ఉంటే వానపాముకి ఏమీ కాదా?"

"ఏం కాదు. ఏళ్ల తరబడి అట్లే ఉంటాయంట."

"మరి మా కోళ్లలో?"

ప్రవల్లిక కోళ్ల రెట్ట చూడలేదు. ఆ మాట ఒప్పుకుంది. ఇద్దరూ కలిసి ఆ మధ్యాహ్నమే తెచ్చి చూశారు. పదకొండింటిలో రెండు కోళ్ల రెట్టలో ఆ గుడ్లున్నాయి. చూడ్డానికి ఏ జబ్బూ లేని కోళ్లు అవి. త్యాగి మందు కాగితంలో వాటినీ చేర్చాడు.

నాలుగో రోజున ల్యాబు నుంచి కబురొచ్చింది. బర్డ్ ఫ్లూ లేదు. సదాశివరావు ఆ కాగితాన్ని చౌధరీకి స్వయంగా చూపించి, చాయ్ తాగి వచ్చాడు. మందు వేస్తుండగా ఒక ఫెజెంటు పోయింది. లక్ష్మీకుమారి మేత ఆపలేదు. మిగిలిన తొమ్మిదింటిలో ఒకటి కుంగిపోయినట్టుండి పదో రోజున పోయింది. ఎనిమిది నిలిచాయి.

సదాశివరావు సెలవు పెట్టి కొత్త గూడు కట్టాడు. నేల సిమెంటు, మీద ఇసుక. పైన రేకు, మైనాలు దూరకుండా చుట్టూ సన్నజాలీ. పాత మట్టి మీద ఇక ఏ పక్షినీ వదలకూడదని ప్రవల్లిక గట్టిగా చెప్పింది. కొత్తవి ఎప్పుడు కొన్నా నెలరోజులు విడిగా ఉంచాలని కూడా చెప్పింది. జూన్‌లో కొన్న పిల్లలే పురుగును మోసుకొచ్చాయా, లేక తొట్టి మీద వాలే మైనాలా? అది మాత్రం ఎవరికీ తేలలేదు. లక్ష్మీకుమారి తొట్టి మీద మూత బిగించి, వాలే పిట్టలన్నిటి లెక్కా ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం ఆ పేజీల ఫొటోలు ప్రవల్లిక ఫోనుకి వచ్చేవి. ప్రవల్లిక రీడింగ్ రూములో అన్నిటికన్నా ముందు అవే చదివేది. గురువారాలు మాత్రం రీడింగ్ రూముకి వెళ్లడం మానేసింది. ఆ రోజు త్యాగి గదిలో మైక్రోస్కోపు ఖాళీగా ఉంటుంది.

అక్టోబరులో ఎనిమిదింటినీ కొత్త గూటిలోకి మార్చిన రోజు ఆమె అక్కడే ఉంది. లక్ష్మీకుమారి సన్నగా తరిగిన పాలకూర పళ్లెంలో తెచ్చింది. పక్షులు పరుగెత్తుకొచ్చాయి. ఆకులు ముట్టలేదు. ఆమె వేళ్ల సందుల్లో ముక్కులు పెట్టి వానపాముల కోసం వెతికాయి.

"లేవర్రా, ఇక లేవు," అంటూ ఆమె అరచేతులు రెండూ తిప్పి చూపించింది. కాసేపటికి ఒక మగపక్షి, మెడ మీద అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నది, నోరు మూసుకునే ఊపిరి తీసుకుంటూ పళ్లెం అంచున ఆకునొకదాన్ని లాగింది.

"తింటోంది!" అన్నాడు సదాశివరావు మెల్లిగా.

"ష్," అంది లక్ష్మీకుమారి.