నీళ్ళ వాకిలి గడప

మా హినోసె కోటలో కోట లేదు. రాతి గోడలున్నాయి, కందకం ఉంది, కందకంలో బద్ధకంగా తిరిగే చేపలున్నాయి, వెనక వైపు నీళ్ళ వాకిలి అని ఒక చిన్న ద్వారం ఉంది. గోడల మీది చెక్క మేడలన్నీ నూట యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో ఒక్క పూటలో తగలబడిపోయాయి. బస్సు దిగినవాళ్ళు తలెత్తి చూసి, కోట ఎక్కడండీ అని మొదట అడిగేది నన్నే. నా పేరు హటానో. నీటి సరఫరా ఆఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాక ఊరికి ఉచిత గైడుగా చేరాను. ఆకుపచ్చ అంగీ తొడుక్కుని లేని కోటను చూపించడం నా పని. పద్నాలుగేళ్ళుగా చూపిస్తున్నాను. బాగా చూపిస్తానని పేరుంది. ఆ పేరంటే నాకు మహా ఇష్టం.

ఆ నవంబరు రోజున వచ్చిన బస్సులో ఇరవై ముగ్గురున్నారు, అందరూ అరవై దాటినవాళ్ళే. వాళ్ళని తీసుకొచ్చిన బస్సు కంపెనీ గైడు పిల్ల మిహో పసుపు జెండా పట్టుకుని ముందు నడుస్తోంది. పొద్దున కోట, మధ్యాహ్నం సోబా నూడుల్స్ భోజనం, ఆ తర్వాత సమురాయిల వీధి, గుడి, మూడున్నరకి తిరుగు ప్రయాణం. గోడల దగ్గర నేను రాళ్ళు ఎలా పేర్చారో చెబుతుంటే సగంమంది చేపలకేసి చూస్తున్నారు. నేనేం కంగారు పడలేదు. నీళ్ళ వాకిలి దగ్గరికి వచ్చాక వాళ్ళని నావైపు ఎలా తిప్పుకోవాలో నాకు తెలుసు.

అక్కడ నిలబడి, గొంతు తగ్గించి కథ మొదలుపెట్టాను. శత్రువులు చుట్టుముట్టిన రోజు ఈ వాకిలి కాపలాదారు నుకినా యోహెయ్ మూడు పీపాల సాకె సారాకి ఆశపడి లోపల్నుంచి గడియ తీశాడనీ, కోట అలా పోయిందనీ, నాలుగొందలమంది చచ్చిపోయారనీ చెప్పాను. మా ఇళ్ళల్లో గడప తొక్కడం పెద్ద తప్పు. తొక్కితే కన్నతండ్రి నెత్తిన కాలు పెట్టినట్టేనని పిల్లలకి నడక రాగానే చెబుతారు. ఈ ఒక్క గడప మాత్రం తొక్కే వెళ్ళాలనీ, అది ద్రోహి తల అనీ, మా ఊరి ఆచారమనీ చెప్పాను. అందరూ నవ్వుతూ తొక్కారు. టోపీ పెట్టుకున్న ఒకాయన మళ్ళీ వెనక్కి వచ్చి, ఇది ఇంటి దగ్గరున్న మా ఆవిడ తరఫున అంటూ ఇంకోసారి తొక్కాడు.

ఈ కథలో కోట కాలిపోవడం ఒక్కటే నిజం. మిగతాదంతా నేను అల్లింది. గైడుగా చేరిన మూడో వారంలో ఒక గుంపు నా ముఖం మీదే ఆవలిస్తుంటే రోషం వచ్చి అల్లాను. పేరు లేని ద్రోహిని ఎవరూ నమ్మరు కదా. లైబ్రరీలో చూసిన పాత కొలువు జాబితాలోంచి ఒక కాపలాదారు పేరు గుర్తొస్తే అది తగిలించాను. ఇంటికెళ్ళాక కొంచెం బెరుకు పుట్టి టెలిఫోన్ పుస్తకం తీశాను. ఊళ్ళో నుకినా అనే ఇంటిపేరు ఒక్కటీ లేదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఊరి ఆఫీసువాళ్ళు ఆ కథని కరపత్రంలో వేశారు, వాకిలి పక్కన బోర్డు పెట్టారు, మిగతా గైడ్లందరూ నా దగ్గరే నేర్చుకున్నారు. ఇప్పుడు ఎవరిని అడిగినా అది తాతల నాటి కథ అంటారు. ఒక్కోసారి నేనూ అలాగే నమ్మేవాణ్ణి.

ఆ రోజు అందరూ దాటాక చివర ఒకావిడ మిగిలిపోయింది. అరవై అయిదేళ్ళుంటాయి. బూడిదరంగు కోటు, చేతిలో ఊదారంగు గుడ్డలో కట్టిన డబ్బా. గడప ముందు ఆగిపోయింది. నా నోరు ఊరుకోదు కదా. "రండమ్మా, తొక్కండి. వాడు చచ్చి నూట యాభై ఏళ్ళయింది, కరవడు" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నాకేసి చూసి, తల వంచి, బూట్లు విప్పి పక్కన పెట్టింది. మేజోళ్ళతో ఆ చల్లటి రాయి మీద నిలబడి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఆచారాలంటే పట్టింపు ఉన్న మనిషి కాబోలనుకుని నేను జనాన్ని ముందుకు నడిపించాను.

సోబా దుకాణంలో ఆవిడ చాపల గది మూలన విడిగా కూర్చుంది. ఒక్క నిమిషం రమ్మని మిహోతో నాకు కబురు చేసింది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ తన సోబా ముట్టుకోలేదు. గుడ్డ ముడి విప్పి, లోపలి డబ్బాని నా వైపు తిప్పి, రెండు చేతులతో జరిపింది. అందులో ఉన్నది యోకాన్, ఎర్ర చిక్కుళ్ళ తీపి దిమ్మ. తప్పు చేసినవాళ్ళు క్షమాపణ చెప్పుకోడానికి వెళ్ళేటప్పుడు అదే పట్టుకెళతారు. ఎంత బరువుంటే అంత మర్యాద. ఈ డబ్బా చాలా బరువుగా కనిపించింది.

"నా పేరు నుకినా సుమియె అండి" అంది. "గడియ తీసినాయన మా ముత్తాతకి తండ్రి."

నా చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని కింద పెట్టడం కూడా మర్చిపోయాను.

ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తండ్రికి పదేళ్ళప్పుడు వాళ్ళ కుటుంబం పట్నం వెళ్ళిపోయింది. వంశంలో అందరి అస్థికలూ ఒకే రాయి కింద ఉంచే సమాధి మాత్రం ఇక్కడే, గుడి వెనక ఉండిపోయింది. తండ్రి ఏటా ఆగస్టులో వచ్చి, రాయి కడిగి, పువ్వులు పెట్టి వెళ్ళేవాడు. తొమ్మిదేళ్ళ కిందట చిన్ననాటి స్నేహితుడొకడు, ఇందులో మీ పూర్వీకుడి గురించి వేశారంటూ మా ఊరి కరపత్రం ఆయనకి పోస్టు చేశాడు. ఆయన అది చదివి ఆ ఏడు రాలేదు. మరి ఎప్పుడూ రాలేదు. నాలుగొందలమందిని చంపించిన వంశం వాళ్ళం, ఏ ముఖం పెట్టుకుని ఆ ఊరి గుళ్ళో అడుగు పెడతాం అనేవాడట. పోయిన ఫిబ్రవరిలో చనిపోయాడు. తనని ఆ సమాధిలో కలపొద్దని చెప్పి మరీ పోయాడు. తల్లికేమో ఆయన్ని తనవాళ్ళ దగ్గరే చేర్చాలని ఉంది. అస్థికలు తొమ్మిది నెలలుగా ఇంట్లోనే ఉన్నాయి.

"ఎవరిని అడగాలో తెలీలేదండి. ఊరి తరఫున మాట్లాడేది మీరే కదా అని ఈ బస్సెక్కాను. ఊరు క్షమిస్తే నాన్నని తెచ్చుకుంటాం. లేదంటే ఇంకెప్పుడూ అడగం."

అలా అని నుదురు చాపకి ఆనించింది.

నేను టెలిఫోన్ పుస్తకం చూశాను గానీ శ్మశానం చూడలేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు సమాధిని కూడా మోసుకుపోరని ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు తెలీదా? తెలుసు. గుడి వెనక సందులోకి పది అడుగులు వేసి రాళ్ళ మీద పేర్లు చదివి ఉంటే సరిపోయేది. వెళితే ఏం కనబడుతుందోనని వెళ్ళలేదు, అంతే.

నిజం చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. పక్క బల్ల దగ్గర టోపీ ఆయన నా కథని ఇంకొకాయనకి మళ్ళీ చెబుతున్నాడు. దుకాణం గోడకి నా సన్మానం ఫోటో వేలాడుతోంది. పైగా సులువైన దారి ఒకటి ఎదురుగా కనిపించింది. ఆవిడకి కావలసింది క్షమాపణ దొరకడం. ఇచ్చేస్తే ఆవిడ పని జరుగుతుంది, నా పరువూ నిలుస్తుంది. "లేవండమ్మా. ఊరు ఎప్పుడో క్షమించింది. నాన్నగారిని తీసుకురండి" అన్నాను. డబ్బాని రెండు చేతులతో అందుకున్నాను కూడా. ఇంత సిగ్గుమాలిన పని నేను జీవితంలో ఇంకొకటి చేయలేదు.

ఆవిడ కాసేపు ఏడ్చింది. తర్వాత చల్లారిపోయిన సోబా అంతా తినేసింది. నాన్న పోయాక ఇంత తృప్తిగా తినడం ఇదేనంది. నాకు ఒక్క పోగు కూడా గొంతు దిగలేదు.

సమురాయిల వీధిలో నేనేం చెప్పానో నాకే గుర్తులేదు. ఒక ఇంటి గురించి రెండుసార్లు చెప్పానని మిహో చెవిలో చెప్పింది. డబ్బా చంకలో ఉంది. ఎవరైనా దాని వంక చూస్తే రెండో చంకలోకి మార్చుకున్నాను. గుడికి చేరాక మిహో మిగతావాళ్ళని లోపలికి తీసుకెళ్ళింది. సుమియె గారు సమాధి దాకా తోడు రమ్మని నన్ను అడిగింది. రానని ఎలా అంటాను?

వెనక వరసలో ఉంది ఆ రాయి. తొమ్మిదేళ్ళ నాచు పట్టి పేరు కనబడటం లేదు. ఆవిడ బకెట్టుతో నీళ్ళు తెచ్చి, చేతులు పైకి మడిచి, బ్రష్షుతో తోమడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం బయటపడుతోంది. తోముతూ లోపలున్నవాళ్ళతో మాట్లాడింది. ఊరివాళ్ళు క్షమించారనీ, వసంతంలో నాన్న వస్తాడనీ, ఇదిగో ఈ గైడు గారి మంచితనం వల్లే ఇది జరిగిందనీ చెప్పింది. ఆ చివరి మాటకి నేను తట్టుకోలేకపోయాను.

"సుమియె గారూ, ఆయన గడియ తీయలేదండి" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆ కథ నేను కల్పించాను. ఆయన ఏం చేశాడో ఎవరికీ తెలీదు. జాబితాలో పేరుంది, అంతే. మీ నాన్నగారు చదివింది నా అబద్ధం. మధ్యాహ్నం మీకు చెప్పింది ఇంకో అబద్ధం."

కంకర మీద మోకరించి తల నేలకి ఆనించాను. బ్రష్షుని బకెట్టు మీద పెట్టిన చప్పుడైంది.

"అది కల్పించడానికి మీకు ఎంతసేపు పట్టింది?"

"బస్సు దగ్గర్నుంచి వాకిలి దాకా నడిచేంతసేపు. పది నిమిషాలు."

"మా నాన్న ప్రతి ఆగస్టుకీ సంచి సర్దుకునేవాడు. పువ్వులు కూడా కొనేవాడు. స్టేషన్ దాకా వెళ్ళి, రైలెక్కకుండా తిరిగొచ్చేవాడు. తొమ్మిదిసార్లు" అంది. గొంతు పెంచలేదు. "పొద్దున నన్ను గడప మీద నిలబెట్టారు. నేను నిలబడ్డాను."

నన్ను తిట్టినా బాగుండేది. ఆవిడ చెయ్యి చాచి డబ్బా అడిగి తీసుకుంది. గుడ్డ మళ్ళీ ముడి వేసింది. రాతి మీద మిగిలిన నాచునీ వదలకుండా తోమి, కడిగి, అప్పుడు నావైపు తిరిగింది. తను కాక బస్సులో ఇరవై రెండుమంది ఉన్నారనీ, ఈ రాత్రికే వాళ్ళు ఇళ్ళల్లో ఆ కథ చెబుతారనీ, బస్సు కదిలేలోపు వాళ్ళకి చెప్పమనీ అంది.

మూడున్నరకి బస్సెక్కి మిహో చేతిలోంచి మైకు తీసుకున్నాను. ఎప్పటిలా వీడ్కోలు పాట పాడతాననుకుని ముందు వరసవాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక చెప్పాను. పద్నాలుగేళ్ళు గలగలా మాట్లాడిన నాకు మూడు ముక్కలు కూడగట్టుకోవడం కష్టమైపోయింది. కాపలాదారు ఏ తప్పూ చేసినట్టు ఎక్కడా లేదనీ, కథా ఆచారమూ రెండూ నావేననీ, రేపే ఊరి ఆఫీసుకెళ్ళి బోర్డు తీయించి ఈ అంగీ ఇచ్చేస్తాననీ చెప్పాను. ఆయన మునిమనవడి కూతురు ఈ బస్సులోనే వచ్చిందన్న మాట చెప్పలేదు. అది చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

టోపీ ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి, ఎవరినీ చూడకుండా, "మరి నేను రెండుసార్లు తొక్కాను కదయ్యా, అది ఎవరి తల?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మిహో మైకు తీసుకుంటూ నా ముఖం చూడలేదు.

నేను దిగేసరికి సుమియె గారు మెట్టు పక్కన నిలబడి ఉంది. అందరికన్నా చివర ఎక్కాలని ఆగినట్టుంది. నాన్నగారిని తెస్తారా అని అడిగాను.

"తెస్తాం. మార్చిలో, పెద్దలకి పెట్టుకునే రోజుల్లో" అంది. "మీరూ రండి. నాకు చెప్పినట్టే ఆయనకీ చెప్పండి."

"చెబుతానండి. మీరు నన్ను..."

"నన్ను అడక్కండి. క్షమించాల్సింది ఆయన."

ఆవిడ మెట్టెక్కింది, తలుపు మూసుకుంది. బస్సు వెళ్ళేటప్పుడు లోపలివాళ్ళూ నేనూ మలుపు దాకా చేతులు ఊపుకోవడం అలవాటు. ఆ రోజు ఒక్క చెయ్యీ లేవలేదు. నేను నడుం వంచి అలాగే నిలబడ్డాను. బస్సు చప్పుడు పోయిన తర్వాత కూడా లేవడానికి ధైర్యం చాలలేదు.